గొలుసు మీద చెయ్యి

ఇప్పుడే వస్తానని పోయాడు. జోసెఫ్ 'ఇప్పుడే' అంటే ఎంతసేపో పెళ్లయిన కొత్తలోనే తెలిసొచ్చింది నాకు, అయినా చెయ్యి చాపమనగానే చాపాను. గొలుసు నా చేతిలో పెట్టి, వదలద్దమ్మే, బోల్టులు తీసుకుని వచ్చేస్తా అని చెప్పి, చెప్పులు తొడుక్కుని బజారుకు నడిచిపోయాడు. రాత్రంతా నంద్యాల ఆసుపత్రిలో కాన్పుల వార్డులో నర్సు డ్యూటీలో నిలబడి, తెల్లారి బస్సెక్కి కోయిలకుంట్లలో దిగి, ఇంకా మొహమన్నా కడుక్కోని దాన్ని, మా వాకిట్లో ముక్కాలిపీట మీద కూర్చుని గాల్లో వేలాడే ఇంజనుకు కాపలా కాస్తున్నాను. నాకన్నా ఆ ఇంజనే నయం, దాన్ని పట్టుకోవడానికి ఒక మనిషంటూ ఉంది. కళ్లలో ఇసుక పోసినట్టుంది. పొద్దు గోడ దాటి లోపలికి వచ్చేసింది, కింద నాపరాళ్లు కాగుతున్నాయి, ఇంకాసేపైతే అరికాళ్లు మోపలేను. వంటింట్లో మా అత్త జీవమ్మ రోట్లో ఏదో దంచుతోంది. ఆమెకు చెవులు వినపడవు కాబట్టి ఆ దెబ్బలు ఎంత గట్టిగా పడుతున్నాయో ఆమెకు తెలియదు, ఒక్కో దెబ్బకూ మూతపడబోయిన నా రెప్పలు ఉలిక్కిపడి లేస్తున్నాయి.

నిజానికి ఈ గొలుసు నేను పట్టుకోకపోయినా ఏమీ కాదు. బోరుబావుల్లోంచి మోటార్లను పైపులతో సహా పైకి లాగే గొలుసు ఇది, ఈ చిన్న ఇంజను దానికొక లెక్కా? దాని పట్టు దానికుంది. కానీ మూడు కాళ్ల స్టాండూ గొలుసూ ఇచ్చిన ఉరుకుందప్ప ఒక షరతు మీద ఇచ్చాడు. బోరు మోటార్లు ఎత్తేవాళ్లలో అదొక పట్టింపు, గొలుసుకు బరువు వేలాడుతున్నంతసేపూ ఎవరిదో ఒకరి చెయ్యి దాని మీద ఉండాలట. అన్నానికి పోయినా నీళ్లకు పోయినా ఒకరు పోతే ఒకరుండాలి. "గాల్లో బరువును ఒంటిగా ఇడిస్తే అది తోడు కోరుకుంటాదమ్మా," అన్నాడు, నా మెడలో సిలువ కనపడుతున్నా సరే. మాకు అట్లాంటివి లేవులేన్నా అని నవ్వబోయాను. జోసెఫ్ నవ్వలేదు. ఇడవమప్పా అని మాటిచ్చాడు. మాటిచ్చింది ఆయన, కూర్చున్నది నేను, ఈ ఇంట్లో కాపురం మొత్తం ఇట్లాగే నడిచింది.

మాది పాతకాలపు హెరాల్డు కారు, దానికి బానెట్టు ఒక్కటే లేవదు, మూతి మొత్తం రెక్కలతో సహా ముందుకు వాలి నోరు తెరుస్తుంది. తెరిచిన ఆ నోట్లో ఇంజను జానెడు ఎత్తున ఆగి ఉంది. గేరుబాక్సు తోక ఇప్పటికే లోపలికి దూరి కుదురుకుంది. ఇంకొక్క జానెడు దిగితే రెండు పక్కలా వెల్డింగు పెట్టించిన పట్టీల మీద కూర్చుంటుంది, బోల్టులు బిగిస్తే అయిపోయినట్టే. పాత ఇంజను గోడ మూలన గోనెపట్టా కింద పడుకుంది, దాని బ్లాకు పగిలి ఎన్ని అతుకులేసినా నిలవలేదు. ఈ కొత్తది పేరుకే కొత్తది, ఎవరిదో ఓమ్నీ వ్యానుది, కర్నూలులో పాత సామాన్ల వాళ్ల దగ్గర వెతికి తెచ్చుకున్నాడు. బస్సు టాపు మీద వేసుకుని తెచ్చాడు, కండక్టరు పాత స్నేహితుడు కాబట్టి సరిపోయింది. ఆ బస్సు తను నడిపిన బస్సే. టాపు మీద ఇంజనూ, లోపల చివరి సీట్లో తల దించుకుని ఆయనా. ఆ సంగతి కండక్టరు నాకు చెప్పాడు గానీ ఆయన చెప్పలేదు.

ఈ కారు మా మామ ఏసన్నది. ఆయన ఒక దొరసాని దగ్గర డ్రైవరుగా చేసేవాడు, ఆమె తన దేశం ఇంగ్లండుకు పోతూ పోతూ కారును ఆయనకే ఇచ్చి పోయింది. టాపు మడిచేసే కారు. అది వచ్చినప్పటి నుంచి చర్చి వీధిలో ఎవరి పెళ్లయినా మెరవణి దీంట్లోనే, మందిరం నుంచి బజారు మీదుగా ఇంటి దాకా. అంతకు ముందు మావాళ్ల పెళ్లికొడుకులు ఆ బజారులో చెప్పులు చేతపట్టుకుని నడిచేవాళ్లని మా అత్త చెబుతుంది. కారొచ్చాక కూర్చుని పోయారు, అందరికీ కనపడేటట్టు, నెత్తి మీద ఆకాశం తప్ప ఏమీ లేకుండా. నా పెళ్లికి మామకు కళ్లు మసకలొచ్చాయి. ఇంకొకడి చేతికి స్టీరింగు ఇచ్చేది లేదన్నాడు జోసెఫ్. పెళ్లికొడుకే డ్రైవరు. కోటు తొడుక్కుని, మెడలో దండ స్టీరింగుకు తగులుతుంటే దాన్ని వీపు మీదికి తోసేసుకుని, పాస్టరయ్య నవ్వుతుంటే తనూ నవ్వుతూ. సరిగ్గా బజారు నడిమధ్యలో కారు ఆగిపోయింది. బ్యాండు మేళం ముందుకు పోయి మళ్లీ వెనక్కి వచ్చింది. అంగళ్లలోంచి జనం బయటికొచ్చి చూస్తున్నారు, తోయమంటే ఎవరి కోటు నలుగుతుందోనని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు మా చుట్టాలు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి, ఆ వేడిలోనే ఏం తోచిందో, నెత్తి మీది ముసుగు తీసి సీట్లో పడేసి, తెల్లచీర కుచ్చిళ్లు పైకి దోపి, దిగి వెనక నుంచి తోశాను. ఊరు ఊరంతా నవ్వింది. కారు దగ్గి, గుర్రుమని లేచింది. అప్పుడు జోసెఫ్ వెనక్కి తిరిగి నన్ను చూశాడు చూడు, ఆ చూపు చూసుకునే ఇన్నాళ్లూ ఈయనతో వేగాను. తాళి కట్టేటప్పుడు కూడా అట్లా చూడలేదు.

రెప్ప పడింది. లేదు, పడలేదు. గొలుసు చేతిలోనే ఉంది. రాత్రి మూడో మంచం మీద పిల్ల, చిన్న పిల్లే, అమ్మా అమ్మా అని నా చెయ్యి పట్టుకుని వదల్లేదు, గోళ్ల గుర్తులు మణికట్టు మీద ఇంకా ఉన్నాయి. బిడ్డ బయటపడ్డాక ఏడవలేదు, ఒక నిమిషం దాకా ఏడవలేదు, వీపు మీద రుద్దుతూనే ఉన్నాను, రుద్దుతూనే ఉన్నాను, తర్వాత ఏడ్చింది.  ఇంటికొచ్చి చెబుదామనుకున్నాను. ఎవరికి చెప్పను? అత్తకు వినపడదు, మొగుడు వినడు. ఆ బిడ్డ ఊపిరి పట్టుకున్న ఆ ఘడియలాగే ఉంది మా ఇల్లు, ఏడాది దాటిపోయింది. ఇంకా ఏడవలేదు.

పొద్దున బస్సు ఎప్పటిలాగే ఆ మలుపు దాటింది. దాటేటప్పుడు కళ్లు మూసుకుంటాను, మూసుకున్నా తెలుస్తుంది, బస్సు కుడికి ఒరుగుతుంది కదా. అక్కడ తుమ్మచెట్టు, దాని కింద కంకర. ఏడాది కిందట, జోసెఫ్ బస్సు నడుపుతూ అక్కడికి వచ్చిన పూట, ఎవరో ట్రాక్టరు నుంచి ఇసుక ఒలకబోసుకుని పోయారు. మోటరుసైకిలు మీద ఎదురుగా వచ్చిన మనిషి ఆ ఇసుక మీద జారి, బండి ఒకవైపు తను ఒకవైపు పడి, నేరుగా బస్సు ముందు చక్రాల దగ్గరికి వచ్చాడు. జోసెఫ్ బ్రేకు తొక్కాడు. బస్సు కూడా అదే ఇసుక మీద జారింది. పరమేష్ అంట అతని పేరు, నా మొగుడు ఆ పేరును మా చుట్టం పేరు లాగా పలుకుతాడు. తప్పు నీది కాదన్నారు పోలీసులు, కాదన్నారు బస్సులోని జనం, చివరికి ఆ పోయిన మనిషి భార్య కూడా ఏడుస్తూనే, నువ్వేం చేస్తావులే అన్నా అంది. డిపోవాళ్లు మళ్లీ బండి ఎక్కమన్నారు. ఎక్కాడు, సీట్లో కూర్చున్నాడు, చెయ్యి స్టీరింగు మీద పెట్టి, తీసి, దిగి ఇంటికి నడిచి వచ్చాడు. ఆ రోజు నుంచి నడకే. సైకిలు కూడా తొక్కడు. రాత్రుళ్లు నాకు డ్యూటీ లేనప్పుడు పక్కన పడుకుని ఉంటే, నిద్రలో కుడికాలు చాపి మంచం పట్టెను తంతాడు. లేపితే లేచి కూర్చుని, ఒకటే మాట. "కాలు బ్రేకు మీదే ఉండాది ఆరాధనా. మీదే ఉండాది." తెలుసప్పా అంటాను. ఇంకేమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. సూది మందులన్నీ తెలుసు, ఇది తెలియదు.

కారు విప్పడం మొదలుపెట్టినప్పుడు ఎంత సంతోషపడ్డానో! మందిరంలో సాక్ష్యం చెప్పినంత పని చేశాను. మనిషి లేచాడు, చేతికి గ్రీజు అంటుకుంది, అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు. స్పానర్లు అందిస్తూ నేనూ కొంత నేర్చుకున్నాను. చక్రాలు, బ్రేకులు, గొట్టాలు, వైర్లు. బ్రేకులైతే ఎన్నిసార్లు విప్పి బిగించాడో లెక్కే లేదు, కొత్త సిలిండరు వేసి, నూనె పోసి, నన్ను పెడలు తొక్కమని తను చక్రం దగ్గర చెవి పెట్టి వినేవాడు. ఇంగొకసారి తొక్కమ్మే అనేవాడు. తొక్కేది ఎప్పుడూ నేనే, ఆయన సీట్లోకి రాడు. కారును ముందుకో వెనక్కో జరపాల్సొస్తే నన్ను కూర్చోబెట్టి తను తోస్తాడు. అది గమనించడానికి నాకు చాలా కాలం పట్టింది. ఇంకొకటి కూడా గమనించాను. పని ఒక కొలిక్కి వచ్చేసరికి ఇంకేదో పాడవుతుంది. ఇది బాగాలేదు, అది వేరేది తేవాల, ఈ పట్టీ వంకరపోయింది, మళ్లీ విప్పాల. విప్పినంతకాలం అది బండి కాదు, సామాన్ల కుప్ప. సామాన్ల కుప్పను ఎవరూ నడపమనరు. ఈ మాట మనసులో అనుకున్న రోజు నా మీద నాకే కోపం వచ్చింది, పాపం అంత కష్టపడే మనిషిని. నాకీ కారు అక్కర్లేదు దేవుడా, దీంట్లో మళ్లీ మెరవణి పోవాలనీ లేదు, ఉద్యోగం చేసి తెచ్చిపెట్టమనీ లేదు. ఆ మనిషి ఒక్కసారి స్టీరింగు వెనక కూర్చుంటే చాలు. కూర్చోకపోతే ఆ మలుపు దగ్గరే ఉండిపోతాడు, నేను రోజూ దాన్ని దాటి పోతూ వస్తూ ఉంటాను, అంతే ఇంక మా బతుకు.

గొలుసు కాలుతోంది. ఎండ పట్టి ఇనుము సురుక్కుమంటోంది, ఈ చెయ్యి ఆ చెయ్యి మార్చుకుంటున్నాను. వదిలేస్తే ఏమవుతుంది? ఉరుకుందప్ప చూస్తాడా? కానీ మాట ఇచ్చిన మాటే, పైగా నిద్రమత్తులో ఆ ఇంజను నాకు కాన్పుల వార్డులో తూకానికి వేలాడదీసిన బిడ్డలా కనిపిస్తోంది, వదలబుద్ధి కావడం లేదు. ఏదన్నా గుడ్డ చుట్టుకుందామని చూస్తే, కారు ముందు సీటు కింద జోసెఫ్ గ్రీజు తుడుచుకునే పాత లుంగీ పీలిక ఉండచుట్టి ఉంది. పీటను జరుపుకుని, ఒక చెయ్యి గొలుసు మీదే ఉంచి, రెండో చెయ్యి చాచి లాగాను. బరువుగా వచ్చింది. గలగలమంది. మూతి ముడేసి ఉంది, ఆయన వేసే ముడే, లాగితే ఊడే ముడి. పంటితో లాగాను. బోల్టులు. కొత్తవి, నూనె రాసినవి, నట్లూ వాషర్లూ ఎక్కించి మరీ దాచినవి. నాలుగు.

చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను. మొదట కోపమొచ్చింది, అట్లాంటి కోపం నాకు పెళ్లయ్యాక రాలేదు. రాత్రంతా నిలబడి వచ్చిన దాన్ని ఎండలో కూర్చోబెట్టి, లేని బోల్టుల కోసం బజారుకు పోయాడు! ఎక్కడికి పోయుంటాడు? ఏ టీ అంగట్లోనో కూర్చుని ఉంటాడు. కూర్చుని ఏం చేస్తుంటాడు? ఏమీ చేయడు, చేతులు చూసుకుంటుంటాడు. అది తలచుకోగానే కోపం ఎటుపోయిందో పోయింది. భయపడ్డాడు నా మొగుడు. జానెడు దూరానికి భయపడ్డాడు. ఆ జానెడు దిగితే ఇది బండి అయిపోతుంది. ఏడుపొచ్చింది నాకు, ఎవరూ లేరు కదా అని ఏడ్చాను, అత్తకెట్లాగూ వినపడదు.

బరువును ఒంటిగా వదలకూడదన్నాడు గానీ, దించకూడదని అనలేదు కదా ఉరుకుందప్ప. లేచి నిలబడి, చేతికి లుంగీ పీలిక చుట్టుకుని, దించే పక్క గొలుసు లాగాను. కటకటకట. వెంట్రుకవాసి దిగింది. మళ్లీ లాగాను. ఇంజను ఒక పక్కకు వాలితే మోకాలితో నెట్టాను, రాత్రి వేసుకున్న తెల్లకోటు నిండా నల్లటి మరక. బిడ్డను తిప్పి దించినట్టు దించు, ఆరాధనా, తొందరేం లేదు, తొందరేం లేదు. కూర్చుంది. ఒక రంధ్రం కలిసింది, రెండోది కలవలేదు, గొలుసు అర లాగు ఎత్తి, భుజంతో నెట్టి, మళ్లీ దించితే అదీ కలిసింది. బోల్టులు దూర్చి చేత్తో తిప్పి, స్పానరుతో ఎంత పట్టు ఉంటే అంత బిగించాను. బరువు కిందికి దిగిపోయి గొలుసు వదులైంది. అప్పుడు తీశాను దాని మీద నుంచి చెయ్యి.

గేటు చప్పుడైంది. జోసెఫ్ వచ్చాడు, ఉత్త చేతులతో. చొక్కా చెమటకు వీపుకంటుకుంది.

"దొరకల్యా," అన్నాడు.

"దొరికినాయి," అన్నాను.

కారు వైపు చూశాడు. వదులుగా వేలాడే గొలుసునూ, నా చేతికి చుట్టిన లుంగీ పీలికనూ చూశాడు.  ఆయన వంగి, స్పానరు తీసుకుని, ఒక్కో బోల్టునూ ఇంకొంచెం ఇంకొంచెం బిగించాడు. బాగనే బిగించినావు అన్నాడు చివరికి, నా మొహం చూడకుండా. కొక్కెం విప్పాం. ఇద్దరం కలిసి కారు మూతి మూశాం. సాయంత్రానికి ఉరుకుందప్ప వచ్చి స్టాండు పట్టుకుపోతాడు, కారును దాని కాళ్ల మధ్య నుంచి బయటికి తీసి రేకుల కొట్టంలో పెట్టాలి. ఆయన ఎప్పటిలాగే వెనక్కి నడిచి డిక్కీ మీద చేతులు పెట్టాడు.

"నువ్వు స్టీరింగ్ కాడ కూచో. నేను తోస్తా."

"నాకు చాతగాదప్పా," అన్నాను. "రాత్రంతా నిలబడినా. కండ్లు మూసుకపోతాండాయి. నేను కూచుంటే గోడకు కొడతా. నువ్వు కూచో. తోసేది నాకు అలవాటే."

అది ఎత్తు కాదు, ఎత్తిపొడుపు కాదు. ఒంట్లో నిజంగానే ఇంకేమీ మిగల్లేదు. ఆయన డిక్కీ మీద నుంచి చేతులు తీశాడు. తర్వాత ముందుకొచ్చి తలుపు తీశాడు. సీటు మీద దుమ్ము తుడిచాడు, తుడిచిందే మళ్లీ తుడిచాడు. కూర్చున్నాడు. నేను కుచ్చిళ్లు దోపుకుని వెనక్కి పోయి రెండు చేతులూ ఆనించాను. అక్కడి నుంచి ఆయన మెడ కనిపిస్తోంది, నెరిసిన వెంట్రుకల కింద చెమట. ఎన్నాళ్లయింది ఆ మెడను ఇటు నుంచి చూసి!

మొదట కదల్లేదు. భుజం పెట్టాను. కదిలింది. మా వాకిలి కొట్టం వైపుకు వాలు, నాపరాళ్లు నున్నగా ఉంటాయి, నేను అనుకున్నంత అవసరం పడలేదు తోయడానికి. కారు నా చేతుల్లోంచి జారి తనంతట తను పోతోంది, నేను దాని వెనక రెండడుగులు పరిగెత్తి ఆగిపోయాను. అప్పుడు మా అత్త వంటింటి తలుపులోంచి వడియాల పళ్లెం ఎత్తుకుని అడ్డంగా బయటికి వచ్చింది. తల వంచుకుని, పళ్లెంలోకి చూసుకుంటూ, ఎప్పటిలాగే. ఇంజను మోగని బండికి చప్పుడే ఉండదు, చెవులున్నవాళ్లకే వినపడదు. నేను అరుద్దామనుకున్నాను. అరిచినా ఆమెకు వినపడదు కదా అనే ఆలోచన కూడా వచ్చింది, అంత నింపాదిగా ఎట్లా వచ్చిందో!

రబ్బరు రాతి మీద కీచుమంది. కారు ముక్కు వంచి, ఊగి, ఆగింది. అత్తకూ దానికీ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా ఉంది. ఆమె అప్పుడు తలెత్తి చూసింది. కారును చూసింది, అందులో ఉన్న కొడుకును చూసింది. "ఈడ పెట్టినారేమప్పా దీన్ని? ఒడియాలు యాడ పోసుకోవల్ల?" అని విసుక్కుని, చుట్టు తిరిగి ఎండలోకి పోయింది.

నేను నెమ్మదిగా ముందుకు నడిచాను. జోసెఫ్ రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి. కుడికాలు పెడలు మీద నేలకంటా ఉంది. కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు తీయడం లేదు.

"నిలబడింది," అన్నాడు.

"నిలబడిందప్పా."

అటు తిరిగి, ఎడమ పక్క తలుపు తీసి, ఆయన పక్కన కూర్చున్నాను. సీటు పెళ్లినాటి సీటే, స్ప్రింగు అప్పుడు గుచ్చుకున్న చోటే గుచ్చుకుంది. నెత్తి మీద ఎండ, టాపు లేదు, గొడుగు లేదు. అత్త ఎండలో వడియాలు పరుస్తోంది.

"కాలు బ్రేకు మీదే ఉండాది ఆరాధనా," అన్నాడు.

"ఉండనీ," అన్నాను.

తల ఆయన భుజానికి ఆనించాను. హ్యాండుబ్రేకు తీగ ఇంకా వేయలేదు, బండి వాలు మీద ఉంది, ఆయన కాలు తీస్తే కదులుతుంది. ఆయన తీయలేదు. నేను నిద్రపోయాను.